బయట నాలుగు డిగ్రీలు

నేను మార్కాపురంలో మా ఇంట్లోనే కేకులు చేసి ఇస్తుంటాను. కింద మా ఆయన స్టీలు సామాన్ల దుకాణం, పైన ఇల్లు, వెనక గదిలో నా ఓవెన్. పిల్లలిద్దరూ హాస్టళ్లకు వెళ్లాక మధ్యాహ్నాలు తోచక మొదలుపెట్టిన పని, మా వీధి దాటి, ఊరు దాటి, కంభం, దొనకొండ, గిద్దలూరు దాకా పోయింది. ఒకరి పుట్టినరోజుకు తిన్నవాళ్లు ఇంకొకరికి చెప్పడమే తప్ప నేను ఎక్కడా బోర్డు కట్టింది లేదు.

కేకు చేయడం అంత కష్టం కాదు. చేసిన కేకును ఎండాకాలంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చెదరకుండా చేర్చడమే కష్టం. శివరాత్రి పోయిందంటే మా దగ్గర రోడ్డు మీద గాలి పొయ్యి ముందు గాలిలాగే ఉంటుంది. మొదట్లో ఆటోలో పంపేదాన్ని. క్రీము జారిపోయి, పేరు రాసిన అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి, పిల్లలు ఏడుస్తున్నారని ఫోన్లు వచ్చేవి. ఆ ఫోన్లు పడలేక మా ఆయన గుంటూరులో ఒకాయన వాడిన కారు చూసి కొన్నారు. నేను డ్రైవింగు నేర్చుకున్నాను. ఆ కారులో ఏసీ దానంతట అదే చూసుకునే రకం. మనకు ఎంత చల్లదనం కావాలో ఒక అంకె పెడితే చాలు, గాలి ఎంత వదలాలో, ఎప్పుడు ఆపాలో అదే తేల్చుకుంటుంది. నేను ఇరవై మీద పెట్టి, మళ్లీ దాని జోలికి పోయేదాన్ని కాదు.

కారు వచ్చాక మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంతోషపడింది మా అత్త. ఆమెకు బస్సు పడదు. డీజిలు వాసన, కిటికీలోంచి కొట్టే వేడిగాలి, దుమ్ము, అన్నీ కలిసి ఊరు దాటకముందే కడుపులో తిప్పేవి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుప్పిట్లో నిమ్మకాయ పట్టుకుని, దిగేదాకా కళ్లు మూసుకుని కూర్చునేది. ఆ బాధ పడలేక రానురాను పెళ్లిళ్లకు కూడా వెళ్లడం మానేసింది. మామ పోయాక ఆమె లోకమంతా దుకాణంలో కాటా పక్కన వేసిన కుర్చీయే. గిన్నెలూ బిందెలూ తూకం వేస్తే కాటా మీద అంకె చూసి బయటికి చెప్పడం ఆమె పని. ఇంగ్లీషు అక్షరాలు రావు కానీ అంకెలు మాత్రం ఎంత దూరం నుంచైనా చదివేస్తుంది.

అట్లాంటి మనిషి, అద్దాలు ఎత్తి ఏసీ వేసిన కారులో మొదటిసారి కంభం పోయి వచ్చిన రోజున, దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"అమ్మాయ్, నాకేం కాలేదు! కంభం చెరువు కనపడిందాకా కళ్లు తెరుచుకునే ఉన్నా," అంది.

అప్పటినుంచి నేను కేకు ఇవ్వడానికి ఎక్కడికి వెళ్లినా ముందు సీట్లో ఆమె ఉండాల్సిందే. కేకు పెట్టె ఆమె ఒళ్లో ఉండేది. గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెను రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకునేది. ఎవరి పొలంలో మిరప ఎట్లా ఉంది, ఎవరు కొత్తగా బోరు వేస్తున్నారు, ఏ ఊళ్లో ఎన్ని మేడలు లేచాయి, అన్నీ అడిగేది, అన్నీ చెప్పేది. ఇన్నేళ్లూ పేర్లుగా మాత్రమే తెలిసిన ఊళ్లను ఆమె అరవై దాటాక చూడడం మొదలుపెట్టింది.

ఆ ఎండాకాలం మొదట్లో ఏసీ తిక్క చేష్టలు మొదలుపెట్టింది. బాగా చల్లగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఉత్త గాలి వచ్చేది. కాసేపటికి మళ్లీ చల్లబడేది. మా ఆయనతో చెబితే గ్యాసు అయిపోయి ఉంటుందన్నారు. ఊళ్లోనే గ్యాసు నింపించాం. నింపినతను మా ముందే బండి ఆన్ చేసి చూపించాడు. మంచు ముద్ద పట్టుకున్నట్టు చల్లగా ఉంది. సరే, బాగైందనుకున్నాం.

ఆ తర్వాత నాలుగైదు రోజులకే అర్ధవీడు వైపు ఒక పల్లె నుంచి కేకు అడిగారు. ఆ ఇంటాయన హైదరాబాదులో సెంట్రింగు పనికి పోయి, కూతురి మొదటి పుట్టినరోజుకని సెలవు పెట్టి వచ్చాడు. రోజా రంగు క్రీముతో, పైన సీతాకోకచిలుకలతో కావాలని ఫోనులో ఆయన భార్య రెండుసార్లు చెప్పింది. పొద్దున్నే లేచి చేశాను. ఎండ ముదరకముందే బయల్దేరాలనుకున్నాను గానీ, సీతాకోకచిలుకల రెక్కలు నిలబడేసరికి పది దాటింది.

కంభం దాకా ఏ ఇబ్బందీ లేదు. కంభం దాటి అర్ధవీడు రోడ్డు ఎక్కాక ఒక కల్వర్టు దగ్గర పెద్ద గుంత ఉంది. చూసుకునేలోపే ముందు చక్రం దబ్బున దిగింది. అత్త పెట్టెను ఎత్తి పట్టుకుంది కాబట్టి కేకుకు ఏమీ కాలేదు. కొంచెం దూరం పోయామో లేదో గాలి వేడెక్కింది. మామూలు వేడి కాదు. ఫ్యాను జోరుగా తిరుగుతూ, ముఖం మీద పొయ్యి ఊదినట్టు కొడుతోంది.

"ఏంది అమ్మాయ్, ఇది వేడిగాలి కొడతాంది?"

అంకె తగ్గించాను. పదహారుకు తెచ్చాను. మార్పు లేదు. ఆపి మళ్లీ వేశాను. లేదు. చివరికి అద్దాలు దించాల్సి వచ్చింది. దించగానే ఎర్రటి దుమ్ము లోపలికి వచ్చింది. అత్త కొంగు తీసి తన ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా పెట్టె మీద కప్పింది. కాసేపటికి ఆమె మాటలు ఆగిపోయాయి. పక్కకు చూస్తే ముఖం పాలిపోయి, కళ్లు మూసుకుని ఉంది.

"ఆపు," అంది.

ఆపాను. కేకు పెట్టె నా చేతికి ఇచ్చి, కిందికి దిగి, తుమ్మచెట్టు పక్కన వంగింది. నేను ఒక చేత్తో పెట్టె పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె వీపు రాస్తూ నిలబడ్డాను. ఆ ఎండలో పెట్టెలో ఏం జరుగుతున్నదో నాకు చూడకుండానే తెలుస్తోంది.

ఆ ఇంటికి చేరి మూత తీసేసరికి రోజా రంగు అంతా ఒక పక్కకు జారి మడుగు కట్టింది. సీతాకోకచిలుకలు అందులో బోర్లా పడి ఉన్నాయి. పాప తల్లి వంగి చూసింది. ఆమె మొహం నేను చూడలేకపోయాను. ఇంతలో గొర్రెల దొడ్డి దగ్గర నుంచి పాప నాయనమ్మ వచ్చి తొంగి చూసింది. వేలు పెట్టి నాకింది.

"మీగడ మాదిరి ఉంది గదే! కోసేదానికి లేకపోతే ఏమాయె, గరిటెతో పెట్టు పిల్లోళ్లకు," అంది కోడలితో.

అట్లాగే పెట్టారు. పిల్లలు స్టీలు గిన్నెలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. పాప రెండు చేతులూ అందులో ముంచి తల మీద పూసుకుంది. పాప తల్లి అప్పుడు నవ్వింది. మేం బయల్దేరే ముందు మా అత్తకు ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చి, "పెద్దమ్మా, నువ్వు ఇంత కష్టపడి రావాల్నా?" అంది. మరుసటి పొద్దున నేను క్రీము లేని ఎండుద్రాక్షల కేకు ఒకటి చేసి, ఆ వైపు పోయే బస్సులో కండక్టరుకు అప్పజెప్పి పంపాను. చేరిందని, పాప ఫోటో ఒకటి నా ఫోనుకు పంపారు. ఆ సంగతి అంతటితో సర్దుకుంది.

సర్దుకోనిది మా అత్త. తిరిగి వచ్చేటప్పుడు సాయంత్రం దాకా ఆగి, చల్లబడ్డాక అద్దాలు దించుకునే వచ్చాం. పరాయి ఊరి రోడ్డు మీద అట్లా వాంతి చేసుకోవడం ఆమెకు సిగ్గుగా అనిపించింది.

"నేనిక రాను అమ్మాయ్. నా వల్లనే నీకు ఆలస్యమాయె. నేను దిగకపోతే కేకు అంత కరిగేది కాదు."

"నువ్వు దిగకముందే కరిగింది అత్తా. ఏసీ చెడిపోయింది. బాగుచేయిస్తా."

"గ్యాసు నింపినారు గదా. ఇంకేం బాగు?"

కొంచెం దూరం పోయాక ఆమే మళ్లీ అడిగింది.

"ఆ మూల కనపడే అంకె ఏంది?"

ఏసీ పేనెల్ పైన, గడియారం పక్కన, చిన్నగా ఒక అంకె ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. అప్పుడు నాలుగు అని చూపిస్తోంది. నిజం చెప్పాలంటే నేను దాన్ని ఎన్నడూ పట్టించుకోలేదు. కారు లోపలి చల్లదనం కాబోలు అనుకునేదాన్ని.

"పొద్దున మనం బయల్దేరినప్పుడు ముప్పైనాలుగు ఉండె. కంభం కాడ ముప్పైతొమ్మిది. ఆ గుంతలో పడినాం చూడు, అప్పుడు నాలుగు అయింది. అప్పట్నించే వేడిగాలి," అంది అత్త.

కారు పక్కకు తీసి ఆపాను. కాటా మీద అంకెలు చూసే అలవాటుతో ఆమె దారి పొడుగునా ఆ మూలనే చూస్తూ వచ్చింది. పొద్దున ముప్పైనాలుగు, కంభం దగ్గర ముప్పైతొమ్మిది అంటే అది లోపలి చల్లదనం కాదు. బయటి ఎండ. ఆ ఎండ ఉన్నట్టుండి నాలుగు డిగ్రీలైతే? నాలుగు డిగ్రీలంటే ఎంతో నాకు తెలుసు. నా ఫ్రిజ్జులో క్రీము పెట్టేది అంతలోనే. బయట ఫ్రిజ్జులో ఉన్నంత చలి ఉందని కారు అనుకుంటే ఏసీ ఎందుకు వేస్తుంది? చలికి వణుకుతున్నామనుకుని వెచ్చటి గాలి వదులుతోంది.

ఆ మాట అత్తతో అంటే ఆమె నా వైపు వింతగా చూసింది. "ఈ ఎండలో చలా? దీనికి జ్వరం వచ్చినట్టుంది," అంది. ఆ రోజు ఆమె నవ్వింది అప్పుడే.

గిద్దలూరులో కొమరోలు రోడ్డు మీద కారు ఏసీలు చేసే మెకానిక్కు ఒకతను ఉన్నాడు. మా దుకాణంలో ఇంటి సామాన్లు కొంటాడు కాబట్టి మా ఆయనకు తెలుసు. ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. అతను మొత్తం విని, "అట్లయితే గ్యాసూ కాదు, కంప్రెసరూ కాదు అక్కా. బయట ఎండ చూసే సెన్సార్ పోయి ఉంటది. ముందు బంపర్ వెనకాల ఉంటది, చింతగింజంత. ఒంగోలు నుంచి కొత్తది తెప్పిస్తా, వచ్చినాక రాండి," అన్నాడు.

అత్త రానంటే రానంది. నేను బతిమాలలేదు. "గుంత కాడ ఏం జరిగిందో చూసింది నువ్వు. మెకానిక్కు అడిగితే నేనేం చెప్పాల?" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, చీకటితోనే పోతే ఎండ ఉండదు కదా అని ఒప్పుకుంది. తెల్లవారకముందే బయల్దేరి, అద్దాలు సగం దించుకుని, చల్లటి గాలిలో గిద్దలూరు చేరాం. ఆమెకు ఏమీ కాలేదు. షెడ్డు తెరిచేదాకా ఎదురుగా ఉన్న టీ బంకు బల్ల మీద కూర్చున్నాం.

మెకానిక్కు ముప్పై ఐదేళ్ల మనిషి. నిదానస్తుడు. కారు ముందు చాప పరుచుకుని, పడుకుని, బంపర్ కిందికి చేయి పెట్టి ఆ సెన్సార్ తీశాడు. నల్లటి ప్లాస్టిక్కు తొడుగు, వెనక రెండు తీగలు. దాన్ని తీసి కొత్తది తగిలించాడు. నేను తాళం తిప్పాను. ముగ్గురం ఆ మూలకు చూశాం.

నాలుగు.

"కొత్తదీ ఇదే మాట చెప్తాందే," అన్నాడు అతను. రెండు మూడుసార్లు తీసి పెట్టాడు. నాలుగే. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అయితే డ్యాష్‌బోర్డులో పేనెల్ పోయిందేమో. అది విప్పి ఒంగోలు పంపాల. ఎన్నాళ్లు పడతదో చెప్పలేను అక్కా," అన్నాడు.

నెలాఖరు దాకా ఒప్పుకున్న కేకులు కళ్ల ముందు తిరిగాయి. కానీ నాకు ఒక అనుమానం ఉంది. మా ఓవెన్ ఒకసారి వేడి తప్పు చూపిస్తే, దాన్ని నేరుగా నమ్మకుండా విడిగా ఒక థర్మామీటర్ లోపల పెట్టి పోల్చి చూసేదాన్ని. ఆ ముక్క అతనితో అన్నాను. "కొత్తదీ పాతదీ రెండూ అబద్ధం చెప్తాయా తమ్ముడూ? రెండింటినీ విడిగా పెట్టి అడుగుదామా?"

అతను నా వైపు చూసి తల ఊపాడు. "అడుగుదాం. తీగలు పరీక్షించే మీటర్ ఉంది నా దగ్గర."

టీ బంకు నుంచి ఒక గ్లాసులో ఐసుముక్కలు వేసిన నీళ్లు, ఇంకో గ్లాసులో పొగలు కక్కే వేడినీళ్లు తెచ్చాను. సెన్సార్‌ను ఐసునీళ్లలో ముంచితే మీటర్ మీద అంకె పైకి పోయింది. వేడినీళ్లలో ముంచితే దిగింది. కొత్తదీ అంతే, పాతదీ అంతే. రెండూ కవల పిల్లల్లా ఒకే జవాబు చెప్పాయి. పాత సెన్సార్‌లో ఏ తప్పూ లేదు.

"చలి ఎక్కువయ్యేకొద్దీ దీంట్లో కరెంటుకు అడ్డం పెరుగుతది, అక్కా," అని అతను వివరంగా చెప్పాడు. "అడ్డం ఎంత ఉందో చూసి పేనెల్ లెక్క కడతది. ఇప్పుడు సెన్సార్ బాగానే చెప్తాంది. ఆ మాట దారిలో చెడిపోయి పేనెల్ కాడికి పోతాంది."

"అంటే తీగలో ఏమైనా?"

"అదే చూడాల."

పేనెల్ పక్క మూత విప్పి, అక్కడ తీగకు మీటర్ పెట్టి చూశాడు. సెన్సార్ దగ్గర చూపించిన లెక్క కన్నా ఇక్కడ చాలా ఎక్కువ చూపించింది. తప్పు ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. అప్పుడు అత్త లేచి దగ్గరికి వచ్చింది. గుంతలో పడినప్పుడు ముందు ఎడమ చక్రం కింద దబ్బుమన్నదని, తాను కూర్చున్నది ఆ పక్కనే కాబట్టి కాలికి అదురు తెలిసిందని చెప్పింది. మెకానిక్కు లేచి ఎడమ వైపు హెడ్‌లైటు విప్పాడు. తీగల కట్ట మీద చుట్టిన నల్లటి టేపును జానెడు జానెడుగా ఊడదీస్తూ పోయాడు.

హెడ్‌లైటు వెనకాల, ఇనుప రేకు అంచుకు ఆనుకుని, కనపడింది. టేపు ఊడిపోయి, తీగ తొడుగు మీద చిన్న చిన్న పంటి గాట్లు. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి, ఒక్క పోగు మీద వేలాడుతోంది. మా కారు రాత్రుళ్లు దుకాణం పక్కన, పప్పుల గోదాము గోడకు ఆనించి పెడతాం. అక్కడ ఎలుకలు ఎన్ని ఉంటాయో మాకు తెలియంది కాదు. కొరికి వదిలేసిన తీగకు బండి కడిగినప్పుడల్లా నీళ్లు తగిలి, చిలుము పట్టి, కుదుపు వచ్చినప్పుడల్లా ఉన్న పోగు కాస్తా కదిలిపోతూ వచ్చింది.

"గ్యాసు నింపినాయన కాడ బండి కదలకుండా ఉండె. అందుకే ఆయనకు దొరకలే," అన్నాడు మెకానిక్కు.

చెడిన ముక్క కోసేసి, కొత్త తీగ వేసి, టంకం పెట్టి, తొడుగు వేసి, ఎలుకకు రుచించని మందపాటి టేపు చుట్టాడు. పాత సెన్సార్‌నే మళ్లీ పెట్టాడు. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. షెడ్డు రేకులు కాలి లోపలంతా ఆవిరిగా ఉంది. తాళం తిప్పాను.

నాలుగు.

అతను మళ్లీ పేనెల్ దగ్గర మీటర్ పెట్టాడు. లెక్క సరిగ్గా ఉంది. సెన్సార్ దగ్గర ఎంతో ఇక్కడా అంతే. "సరిగ్గా చేరతా ఉంది అక్కా. అయినా ఇది ఒప్పుకోవడంలే," అన్నాడు. అతని గొంతులో మొదటిసారి విసుగు వినిపించింది. అత్త టీ బంకు బల్ల మీదికి పోయి కూర్చుంది. తిరుగు ప్రయాణం ఎండలో, అద్దాలు దించుకుని చేయాలన్న సంగతి ఆమె మొహంలో కనపడుతోంది.

అతను కొంచెంసేపు బానెట్ మీద చేయి పెట్టి నిలబడ్డాడు. తర్వాత, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేడి ఆ సెన్సార్‌కు తగులుతది. అది ఎండ అనుకోకుండా, బండి నడిస్తేనే అంకె పెరిగేటట్టు కొన్ని కార్లలో పెడతారని విన్నా. ఈ బండిలో ఉందో లేదో నాకు తెలియదు. నడిపి చూద్దామా?"

కొమరోలు వైపు రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి అటే తిప్పాను. అతను వెనక కూర్చున్నాడు. అత్తను కూడా రమ్మన్నాను. ఆమె చేతిలో నిమ్మకాయ పట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. అద్దాలు ఎత్తాం. గాలి వేడిగానే ఉంది. ఊరు దాటాం. రెండు పక్కలా కంది కోసిన చేలు, అక్కడక్కడ బోరు దగ్గర మాత్రం పచ్చగా ఒక మడి.

"ఐదు," అంది అత్త.

నేను రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు. కొంచెం దూరం పోయాక, "ఎనిమిది," అంది. వెనక నుంచి మెకానిక్కు ముందుకు వంగాడు. "వేగం తగ్గించొద్దు అక్కా, అట్లే పోనీ."

పన్నెండు. పదిహేడు. అత్త గొంతు దుకాణంలో తూకం చెప్పినట్టే ఉంది, స్పష్టంగా, ఒక్కో అంకె విడివిడిగా. ఇరవై ఒకటి అన్నప్పుడు ముందు నుంచి టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. ఇంజిన్ కొంచెం బరువెక్కినట్టు మూలిగింది.

"పడింది! కంప్రెసర్ పడింది, ఇంక చల్లగాలి వస్తది!" అని మెకానిక్కు సీటు మీద చేత్తో కొట్టాడు.

మొదట వేడి తగ్గింది. తర్వాత మామూలు గాలి వచ్చింది. ఆ తర్వాత నా మెడ మీద చెమట చల్లగా తగిలింది. అత్త నిమ్మకాయను ఒళ్లో పెట్టుకుని, రెండు అరచేతులూ గాలి వచ్చే జాలీకి ఆనించింది. ముప్పై. ముప్పైఆరు. నలభై ఒకటి దగ్గర అంకె నిలబడింది.

"చాలు అక్కా, తిప్పుదాం," అన్నాడు మెకానిక్కు.

నేను తిప్పడానికి చోటు చూస్తున్నాను. అప్పుడు అత్త, కిటికీలోంచి బయటికి చూస్తూ, మెల్లగా అంది.

"ఇంకొంచెం పోనీ అమ్మాయ్. కొమరోలు ఎంతో లేదు గదా. అక్కడ మా అక్క ఉంది."

ఆమెకు కొమరోలులో అక్క ఉందని నాకు తెలుసు. నా పెళ్లిలో చూశాను. మామ పోయినప్పుడు వచ్చింది. ఆ తర్వాత మోకాళ్లు పట్టేసి ఆమె బస్సెక్కలేకపోయింది, బస్సు పడక ఈమె పోలేకపోయింది. ఫోనులో మాత్రం మాట్లాడుకునేవాళ్లు. కారు కొన్నాక ఇన్ని ఊళ్లు తిరిగాం గానీ కొమరోలు వెళ్దామని అత్త ఒక్కసారి కూడా అడగలేదు. అక్కడి నుంచి ఎవరూ కేకు అడగలేదు కాబట్టి నాకూ తోచలేదు.

"ముందే చెప్పొచ్చు గదా అత్తా," అన్నాను.

"నీ పని మీద పోయే బండి. నా కోసం తిప్పమంటే ఏం బాగుంటది?" అంది.

నేను వెనక్కి చూశాను. మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ, "పోనీ అక్కా. ఎంత ఎక్కువ దూరం నడిస్తే నాకు అంత నమ్మకం," అన్నాడు.

ఊళ్లో వీధి చివర ఆ అక్క, అంటే మా పెద్దత్త వాళ్ల కిరాణా కొట్టు. కొడుకు సరుకుకు పోయినట్టున్నాడు, ఆమె ఒక్కతే గల్లా దగ్గర కూర్చుని ఉంది. కారు ఆగితే ఎవరో బేరానికి వచ్చారనుకుంది. అత్త తలుపు తెరుచుకుని దిగింది. పెద్దత్త కళ్లు చికిలించి చూసి, గల్లా బల్ల పట్టుకుని లేవబోయి, మోకాలు సహకరించక మళ్లీ కూలబడింది.

"లెయ్యొద్దు, లెయ్యొద్దు," అంటూ అత్తే గబగబా మెట్లెక్కింది.

"ఏందే ఇది? చెప్పా పెట్టకుండా! బస్సులోనా వచ్చినావు?"

"కారులో. మా కోడలు తోలుకొచ్చింది."

"కడుపులో తిప్పలేదా?"

"లేదక్కా. ఏం కాలేదు."

పెద్దత్త చెల్లెలి చేయి పట్టుకుంది. అరచేయి చల్లగా ఉన్నట్టుంది, దాన్ని తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. నేను, మెకానిక్కు బయట అరుగు మీదే కాసేపు ఆగాం.

తర్వాత మజ్జిగలు వచ్చాయి, పప్పు, సజ్జరొట్టెలు వచ్చాయి. మెకానిక్కు మొహమాటపడుతుంటే పెద్దత్త, "తిను నాయనా, నా చెల్లెల్ని తెచ్చినోడివి," అని ఇంకో రొట్టె వేసింది. తిన్నాక అతన్ని గిద్దలూరు షెడ్డు దగ్గర దించి మళ్లీ వచ్చాను. ఒక్కదాన్నే పోయి వచ్చిన ఆ దారి పొడుగునా అంకె నలభై దగ్గరే ఉంది. నేను వచ్చేసరికి అక్కచెల్లెళ్లిద్దరూ కొట్టు తలుపు సగం వేసి, లోపల నేల మీద చాప పరుచుకుని పడుకుని మాట్లాడుకుంటున్నారు. ఎవరి మాట ఎవరిదో తెలియడం లేదు, ఇద్దరి గొంతూ ఒకటే. నేను చప్పుడు చేయకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాను.

పొద్దు వాలాక బయల్దేరుతుంటే పెద్దత్త, సరుకుతో తిరిగొచ్చిన తన కొడుకు భుజం పట్టుకుని, కారు దాకా వచ్చింది. తెరిచి ఉన్న తలుపులోంచి లోపలి చల్లగాలిలోకి చేయి పెట్టి చూసింది. ఆ చేయి చాలాసేపు తీయలేదు.

"నేనూ వస్తా ఒక పది రోజులు," అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టే ఉంది. కొడుకు ఆశ్చర్యపోయి, "మోకాళ్లు?" అన్నాడు. "కూర్చోనుండేదే గదరా," అని ఆమె రెండు చీరలు సర్దమని కోడలిని లోపలికి పంపింది.

అత్త ముందు సీటు తలుపు తీయబోయి, ఆగి, వెనక సీట్లో అక్క పక్కన కూర్చుంది. దారి పొడుగునా వాళ్ల చిన్నప్పటి ఇంటి గురించి, ఎప్పుడో పోయిన మనుషుల గురించి, ఎవరు ఎవరికి ఏం చీర పెట్టారన్న దాని గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. కంభం దాటాక మాటలు తగ్గాయి. నిద్రపోయారేమోనని అద్దంలో చూశాను. ఇద్దరూ మేలుకునే ఉన్నారు. ఈ కిటికీలోంచి ఒకరు, ఆ కిటికీలోంచి ఒకరు, మసకపడుతున్న కొండల వైపు చూస్తున్నారు.

మార్కాపురం చేరేసరికి మా ఆయన దుకాణం షట్టర్ దించుతున్నారు. ఏసీ బాగైందా అని అడగడానికి కారు దగ్గరికి వచ్చి, వెనక తలుపు తెరిచి, లోపల వాళ్ల పెద్దమ్మను చూసి, అడగాల్సిన మాట మరిచిపోయి ఆమెను దించడానికి రెండు చేతులూ చాపారు.